కర్ర నీడ, పున్నం వెన్నెల: ఉత్తరాయణాన్ని మన డాబా మీదే పట్టుకోవడం

డిసెంబర్ మూడో వారం వచ్చిందంటే ఏటా అదే పేచీ. ఉత్తరాయణం 22నే మొదలైందని ఒకరంటారు, సంక్రాంతి దాకా రాదని ఇంకొకరంటారు. ఇద్దరి చేతుల్లోనూ క్యాలెండరే ఉంటుంది, ఇద్దరిలో ఒక్కరూ డాబా ఎక్కి చూసి ఉండరు. మీటరు కర్ర, కాస్త సుద్ద, నెల రోజుల ఓపిక ఉంటే ఈ సంగతిని వరంగల్‌లో ఏ ఇంటి మీద నుంచైనా తేల్చుకోవచ్చు.

ఇది శాస్త్రం కాదని ఎవరైనా అంటే పాతకాలపు ఖగోళ పండితుడు వరాహమిహిరుణ్ని చూపించండి. ఆరో శతాబ్దంలో ఆయన బృహత్సంహిత రాస్తూ, పూర్వం అయనాలు (సూర్యుడు ఉత్తరానికో దక్షిణానికో మళ్లడం) వేరే నక్షత్రాల దగ్గర మారేవని, తన కాలానికి అవి కర్కాటక మకరాల మొదటికి వచ్చాయని చెప్పి అక్కడితో ఆగలేదు. అనుమానం ఉంటే చూసుకోండని రెండు దారులు చెప్పాడు. ఒకటి, పొద్దు పొడిచేటప్పుడో గూకేటప్పుడో దూరాన ఉన్న గుర్తుతో సరిపోల్చడం. రెండు, పెద్ద వృత్తంలోకి నీడ ఎక్కడ వస్తుందో, ఎక్కడ బయటికి పోతుందో గుర్తులు పెట్టడం. కింద చెప్పేవి ఆ రెండే. వాటికి చంద్రుణ్ని జత చేశాం.

ఏం జరుగుతుంది

జూన్ నుంచి రోజురోజుకీ దక్షిణానికి జరుగుతూ వచ్చిన సూర్యుడు డిసెంబర్ 21 లేదా 22న 23.44 డిగ్రీల దగ్గర ఆగి వెనక్కి మళ్లుతాడు. వరంగల్ అక్షాంశం దాదాపు 18 డిగ్రీలు. కాబట్టి ఆ రోజు నడిపొద్దున కూడా సూర్యుడు దక్షిణాన 48.6 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. పగలు 11 గంటల 2 నిమిషాలు, అంటే జూన్‌లోని అతి పెద్ద పగటి కంటే రెండు గంటల పైచిలుకు తక్కువ.

మళ్లే క్షణం 2026లో డిసెంబర్ 22 తెల్లవారుజామున 2.20కి వస్తుంది, 2027లో అదే తేదీన ఉదయం 8.12కి.

అతి చిన్న పగలు ఇదే గానీ, అన్నిటికంటే ఆలస్యంగా పొద్దు పొడిచే రోజు ఇది కాదు. మన దగ్గర అది జనవరి మూడో వారంలో వస్తుంది. అన్నిటికంటే ముందుగా పొద్దు గూకేది నవంబర్ చివర్లో. ‘సంక్రాంతి దాటినా ఇంకా పొద్దెక్కడం లేదు’ అని పెద్దవాళ్లు అనే మాట కళ్లారా చూసి అన్నదే. గడియారంతో పొద్దుపొడుపు రాసుకుని అయనం పట్టాలనుకుంటే మాత్రం తప్పుతారు. నీడనే కొలవాలి.

శంకువు నిలబెట్టడం

శంకువు అంటే నీడ కొలవడానికి నిలువుగా నిలబెట్టే కర్ర. సిద్ధాంతాలనే పాత ఖగోళ గ్రంథాల్లో దాని ఎత్తు 12 అంగుళాలు (వేలి వెడల్పులు, ఇంచీలు కాదు). లెక్కకు అది బాగుంటుంది కానీ ఇంట్లో పనికి మీటరు కర్రే మేలు. నీడ పెద్దదైతే కొలత తప్పు చిన్నదవుతుంది. డిసెంబర్ 1 నాటికి ఇదంతా సిద్ధంగా ఉండాలి.

1. చోటు. ఉదయం 9.30 నుంచి మధ్యాహ్నం 2.30 దాకా దక్షిణం వైపు నీళ్ల ట్యాంకు, కొబ్బరిచెట్టు, పక్కింటి గోడ అడ్డం రాకూడదు. డిసెంబర్ పొద్దు కిందుగా పోతుంది కాబట్టి మే నెలలో అడ్డం రాని గోడ ఇప్పుడు వస్తుంది.

2. మట్టం. ప్రతి డాబాకూ వాననీళ్లు పోవడానికి వాలు ఉంటుంది. మీటరుకు ఒక సెంటీమీటరు వాలున్నా, అది ఉత్తరానికి దిగితే నీడ దాదాపు 8 మిల్లీమీటర్లు సాగుతుంది. అయనం తర్వాత ఎనిమిది రోజుల్లో వచ్చే మార్పు అంత. కాబట్టి నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవున్న ప్లైవుడ్ పలకను పొడవు తూర్పు పడమరలుగా ఉండేలా పరిచి, కింద చెక్క ముక్కలు పెట్టి, స్పిరిట్ లెవెల్‌తో రెండు వైపులా సరిచూడండి. లెవెల్ లేకపోతే మేస్త్రీల మాదిరి సన్నని పైపులో నీళ్లు నింపి చూసినా చాలు.

3. కర్ర. వెదురు వంగుతుంది. అర అంగుళం ఇనుప పైపు గానీ పీవీసీ పైపు గానీ తీసుకుని, పలక దక్షిణపు అంచుకు దగ్గరగా బిగించండి, ఎందుకంటే నీడంతా ఉత్తరానికే పడుతుంది. గోడ నిలువు చూసే గుండు దారంతో రెండు పక్కల నుంచీ చూడాలి. ఒక్క డిగ్రీ ఒరిగినా కొన 1.7 సెంటీమీటర్లు పక్కకు పోతుంది.

4. కొన. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందుకే మీటరు కర్ర కొన నీడ ఒకటిన్నర సెంటీమీటర్ల మేర మసకబారి ఉంటుంది, దాని చివర ఎక్కడో ఎవరూ చెప్పలేరు. దీనికి విరుగుడు తేలిక. పైపు కొనకు గట్టి అట్టముక్క అతికించి, పైపు అంచుకు ఆనుకుని 5 మిల్లీమీటర్ల రంధ్రం చేయండి. రంధ్రం నడుమ నుంచి పలక దాకా సరిగ్గా 100 సెంటీమీటర్లు ఉండేలా సర్దండి. అట్ట నీడ మధ్యలో చిన్న వెలుగు బిళ్ల పడుతుంది. కొలవాల్సింది ఆ బిళ్ల నడిమధ్యను. రంధ్రం నుంచి గుండు వేలాడదీసి, అది పలకను తాకే చోట మేకు దిగ్గొట్టండి. ఇకపై కొలతలన్నీ ఆ మేకు నుంచే గానీ పైపు మొదలు నుంచి కాదు.

5. దిక్కు. డాబా మీద దిక్సూచి నమ్మొద్దు, స్లాబులోని ఇనుప కడ్డీలు ముల్లును లాగేస్తాయి. సూర్యసిద్ధాంతం చెప్పిన వృత్తమే గతి. మేకు నడుమగా 110 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఉత్తరం వైపు సగం వృత్తం గీయండి. డిసెంబర్ 21 ప్రాంతంలో వెలుగు బిళ్ల ఉదయం 10.30 దాటగానే పడమటి పక్క గీతను తాకి లోపలికి వస్తుంది, మధ్యాహ్నం 1.45 దాటాక తూర్పు పక్కన బయటికి పోతుంది. రెండు చోట్లా చుక్క పెట్టి కలిపితే అది తూర్పు పడమర గీత. దాని నడిబిందువు నుంచి మేకుకు గీసింది ఉత్తర దక్షిణం. 130 సెంటీమీటర్లతో ఇంకో వృత్తం గీసి, దానికీ ఇలాగే చేసి సరిచూసుకోండి. అది సుమారు 10కి, 2.20కి తగులుతుంది. మామూలు రోజుల్లో ఉదయానికీ సాయంత్రానికీ మధ్య సూర్యుడు కొంచెం జరుగుతాడు కాబట్టి ఈ గీతలో సన్నని తప్పు ఉంటుంది. అయనం రోజుల్లో సూర్యుడు దాదాపు నిలిచిపోతాడు, అందుకని దిక్కులు కట్టడానికి ఏడాదిలో మంచి సమయాల్లో ఇదొకటి.

నడిపొద్దు పన్నెండుకు కాదు

మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది. వరంగల్ దానికి పడమరగా 79.6 దగ్గర ఉంది కాబట్టి పొద్దు మనకు దాదాపు 12 నిమిషాలు ఆలస్యం. దానికి సూర్యుడి సొంత నడకలోని హెచ్చుతగ్గులు కలుస్తాయి. వరంగల్‌లో నడిపొద్దు డిసెంబర్ 1న 12 గంటలకు, డిసెంబర్ 21న 12.10కి, జనవరి 14న 12.20కి వస్తుంది. కరీంనగర్‌కు రెండు నిమిషాలు, ఆదిలాబాద్‌కు నాలుగు, నిజామాబాద్‌కు ఆరు నిమిషాలు కలుపుకోండి.

రోజూ సరిగ్గా 12కి కొలిచేవాళ్లకు జనవరిలో నీడ తగ్గాల్సినంత తగ్గినట్టు కనిపించదు. నీడ తప్పు చెప్పలేదు, వేళ తప్పింది. ఉత్తర దక్షిణ గీత గీసుకుంటే గడియారంతో పనే లేదు. వెలుగు బిళ్ల గీత మీదికి వచ్చినప్పుడు కొలవండి.

ఎంత రావాలి

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో 100 సెంటీమీటర్ల శంకువుకు నడిపొద్దు నీడ ఇలా ఉంటుంది:

డిసెంబర్ 5: 84.9 సెం.మీ.
డిసెంబర్ 11: 86.8
డిసెంబర్ 15: 87.7
డిసెంబర్ 21, 22: 88.2
డిసెంబర్ 28: 87.7
జనవరి 1: 86.8
జనవరి 14: 81.9

అయనం రోజున ఆదిలాబాద్‌లో ఇది 93 దాటుతుంది, కరీంనగర్‌లో 90కి కాస్త తక్కువ. పాత లెక్కలో 12 అంగుళాల శంకువుకు విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే) రోజు నడిపొద్దున పడే నీడను పలభ అంటారు. వరంగల్ పలభ 3.9 అంగుళాలు. ఈ ఒక్క అంకెలో ఊరి అక్షాంశం ఇమిడి ఉంది, సిద్ధాంతులు ఊరూరికీ లగ్నాలు కట్టింది దీనితోనే.

పట్టిక చూస్తే చిక్కు తెలుస్తుంది. డిసెంబర్ 19 నుంచి 24 దాకా మార్పు మిల్లీమీటరు కూడా లేదు. ‘ఇవాళే మళ్లింది’ అని ఆ వారంలో ఏ కర్రా చెప్పదు. అందుకు జంట కొలత ఉంది. నీడ చురుగ్గా మారే డిసెంబర్ 5న కొలిచి, పలక మీద గీత గీసి తేదీ రాయండి. మళ్లీ అదే గీతకు వెలుగు బిళ్ల ఎప్పుడు తిరిగొస్తుందో జనవరిలో కనిపెట్టండి. అది జనవరి 7, 8 తేదీల మధ్య వస్తుంది. రెంటికీ నడుమ రోజే అయనం. ఆ రోజుల్లో నీడ రోజుకు 3 నుంచి 4 మిల్లీమీటర్లు మారుతుంది కాబట్టి, 2 మిల్లీమీటర్ల పొరపాటు చేసినా జవాబు ఒక్క రోజు కూడా తప్పదు. డిసెంబర్ 5న మొగులు పడితే 3న గానీ 7న గానీ కొలిచిన గీత ఏదైనా పనికొస్తుంది. అందుకే రెండు మూడు గీతలు పెట్టుకోవడం తెలివి.

దూరాన గుర్తు

కర్ర పెట్టుకునే చోటు లేనివాళ్లకు వరాహమిహిరుడి మొదటి దారి. వరంగల్ చుట్టూ గుట్టలకు కొదవ లేదు. రోజూ ఒకే చోట, ఒకే మెట్టు మీద నిలబడండి. తూర్పున ఉన్న గుట్ట అంచును కాగితం మీద గీసుకుని, పొద్దు తల చూపిన చోట తేదీ వేయండి. అయనం రోజున అది సరైన తూర్పుకు 24.7 డిగ్రీలు దక్షిణంగా ఉంటుంది. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాదాపు 10 డిగ్రీలు, అంటే రెండున్నర పిడికిళ్లు. సంక్రాంతి నాటికి రెండు డిగ్రీలు, నాలుగు సూర్యబింబాలంత ఉత్తరానికి వచ్చేస్తుంది. గుట్ట ఎత్తుగా ఉంటే సూర్యుడు ఎక్కుతూ దక్షిణానికి ఒరుగుతాడు కాబట్టి డిగ్రీల లెక్క తప్పుతుంది. అయినా ఫరవాలేదు, మనకు కావాల్సింది ఏ రోజు అంచు దగ్గర ఆగి వెనుదిరిగాడన్నదే.

పొగమంచు పట్టిన రోజుల్లో పొద్దు గుట్ట మీదికి చాలా ఎక్కాక గానీ కనిపించదు. ఆ రోజు గుర్తు వేయొద్దు. ఎర్రగా ఉన్న ఆ రెండు నిమిషాలు తప్ప సూర్యుణ్ని నేరుగా చూడకూడదు. ఎక్స్‌రే ఫిల్ము, మసిపట్టిన గాజు కళ్లను కాపాడవు.

మరి సంక్రాంతి ఎందుకు ఆలస్యం

జనవరి 14 నాటికి మీ నీడ 6 సెంటీమీటర్లు తగ్గి ఉంటుంది. సూర్యుడు మళ్లి అప్పటికే 24 రోజులు. మరి మన పంచాంగాలు ఆ రోజు ‘ఉత్తరాయణ పుణ్యకాలం’ అని ఎందుకు రాస్తాయి?

అయనం సూర్యుడి మళ్లింపు. మకర సంక్రమణం సూర్యుడు మకర రాశిలో అడుగుపెట్టడం. భూమి ఇరుసు బొంగరంలా మెల్లగా తిరుగుతుండటం వల్ల ఈ రెంటికీ దాదాపు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున ఎడం పెరుగుతుంది. దానికే అయనాంశ అని పేరు. ప్రభుత్వం వాడే లెక్క ప్రకారం క్రీ.శ. 285 ప్రాంతంలో రెండూ కలిసి ఉండేవి. అంతకు ముందు వేదాంగ జ్యోతిషం రాసిన లగధుడి కాలంలో ఉత్తరాయణం ధనిష్ఠ మొదట్లో వచ్చేది. అంటే శాస్త్రం ఎప్పుడూ ఒకే చోట పాతుకుపోయి లేదు. మేఘనాద సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడ్డ పంచాంగ సంస్కరణ సంఘం సిఫారసుతో, 1957 మార్చి 22 నుంచి అమల్లోకి వచ్చిన జాతీయ క్యాలెండర్‌లో పుష్యం 1వ తేదీ డిసెంబర్ 22నే పడుతుంది. అది ఇళ్లలోకి రాలేదన్నది వేరే సంగతి.

ఆచరణకు మా మాట ఇది. సంకల్పంలో ‘ఉత్తరాయణే’ అని ఎప్పటి నుంచి చెప్పాలో మీ ఇంటి పంచాంగం, మీ పురోహితుడు చెప్పినట్టే వినండి. సంక్రమణ స్నానం, నువ్వులతో పితృతర్పణం, దానం పండుగ నాడే. 2027లో సంక్రమణం జనవరి 14 రాత్రి పడుతుంది కాబట్టి పుణ్యకాలం 15న. డిసెంబర్ 22 చూడటానికి, జపానికి, అర్ఘ్యానికి. రెండూ ఒకదాన్నొకటి చెరిపేయవు.

మళ్లింపులో అర్థం

ఉత్తరాయణం దేవతలకు పగలు, దక్షిణాయనం రాత్రి అని అందరూ వినే ఉంటారు. మేరువు దగ్గర, అంటే ఉత్తర ధ్రువం దగ్గర, సూర్యుడు నిజంగా ఉదయించేది మార్చి విషువత్తున. డిసెంబర్ 22 అక్కడ అర్ధరాత్రి. అర్ధరాత్రి దాటిన క్షణం నుంచే నడక వెలుగు వైపు కాబట్టి అక్కడి నుంచే పగలుగా లెక్కపెట్టారనుకుంటే రెండు మాటలూ పొసుగుతాయి. అదే వరసలో, డిసెంబర్ 16 ప్రాంతంలో మొదలై భోగితో ముగిసే ధనుర్మాసాన్ని దేవతల బ్రాహ్మీ ముహూర్తం అన్నారు. చీకటితో లేచి తిరుప్పావై చదవడం అందుకే. ఆ ముప్పై పాశురాల్లో మొదటిది పున్నమి వెన్నెలతో మొదలవుతుంది, పదమూడోదాంట్లో శుక్రుడు పొడిచాడు, గురుడు గూకాడు అని ఆకాశం గుర్తు ఉంది. గోదాదేవి కూడా పైకి చూసే వేళ చెప్పింది.

భగవద్గీత ఎనిమిదో అధ్యాయం రెండు దారులు చెబుతుంది. అగ్ని, వెలుగు, పగలు, శుక్లపక్షం, ఉత్తరాయణం ఒక దారి. పొగ, రాత్రి, కృష్ణపక్షం, దక్షిణాయనం, చాంద్రమస జ్యోతి రెండోది, అటు పోయినవాళ్లు తిరిగొస్తారు. దీన్ని పట్టుకుని దక్షిణాయనంలో పోయినవాళ్లకు గతి లేదని భయపెట్టేవాళ్లున్నారు. తప్పు. బ్రహ్మసూత్రాల నాలుగో అధ్యాయం దక్షిణాయనంలో పోయినా జ్ఞానికి ఫలం తప్పదని తేల్చింది. శంకరులు ఈ ఉత్తరాయణం అన్న మాటకు కాలం అని కాక, దారి చూపే దేవత అని అర్థం చెప్పారు. భీష్ముడు అంపశయ్య మీద ఎదురుచూడటం ఆయనకున్న వరానికీ ఆచారానికీ సంబంధించింది, అందరికీ పెట్టిన షరతు కాదు.

పురుషసూక్తం చంద్రుణ్ని మనసుకు, సూర్యుణ్ని కంటికి ముడిపెట్టింది. అయనం కంటి పని: ఒక్క గీత, ఒక్క మళ్లింపు. చంద్రుడు మాత్రం రోజుకో రూపం, రోజుకో చోటు. అందుకే చంద్రుణ్ని పట్టడం కష్టం.

చంద్రుణ్ని చూసే క్రమం

నెలవంక నుంచి మొదలుపెట్టండి. అమాస గడిచిన క్షణం నుంచి దాదాపు 20 గంటలు నిండకపోతే వంక మామూలు కంటికి దొరకడం కష్టం. 2026 డిసెంబర్‌లో అమాస 9వ తేదీ పొద్దున 6.22కి ముగుస్తుంది. ఆ సాయంత్రానికి వంక వయసు 11 గంటలే, వెతికి లాభం లేదు. 10న పొద్దు గూకాక అరగంటకు నైరుతి వైపు చూస్తే దొరుకుతుంది. పుష్యమాసపు వంక ఇంకా మంచి పరీక్ష. 2027 జనవరి 8న సాయంత్రానికి 16 గంటలే, 9న హాయిగా కనబడుతుంది. వంకలోని చీకటి భాగం బూడిదరంగులో తెలుస్తుంటే, అది మన భూమి మీద పడి తిరిగి అక్కడికి చేరిన ఎండ.

వంక ఏ కొమ్ము ఎత్తుగా ఉందో చూసి ధరలూ వానలూ చెప్పడం పాత అలవాటు. సూర్యసిద్ధాంతంలో శృంగోన్నతి అని దీనికో అధ్యాయమే ఉంది, కాకపోతే అది జోస్యం కాదు, లెక్క. వెలిగిన పక్క ఎప్పుడూ గూకిన సూర్యుడి వైపే ఉంటుంది. చంద్రుడు సూర్యుడికి ఉత్తరంగా ఉన్నాడా దక్షిణంగా ఉన్నాడా అన్నదాన్ని బట్టి కొమ్ములు ఒరుగుతాయి.

తిథి అంటే సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల ఎడం. శుక్లపక్షంలో పొద్దు గూకగానే, సూర్యుడు దిగిన చోటు నుంచి చంద్రుడి దాకా పిడికిళ్లు లెక్కపెట్టండి. ఐదు పిడికిళ్లు వస్తే 50 డిగ్రీలు, 12తో భాగిస్తే నాలుగు దాటింది, అంటే పంచమి నడుస్తోంది. సరిగ్గా సగం చంద్రుడు అష్టమి నడుమ. పిడికిలి అందరిదీ ఒకటి కాదు. నేల అంచు నుంచి నడినెత్తి దాకా తొమ్మిది పిడికిళ్లు రావాలి, మీకు పది వస్తే మీ పిడికిలి 9 డిగ్రీలే.

మీ లెక్క క్యాలెండర్‌తో ఒక తిథి తేడా వస్తే కంగారు పడొద్దు. క్యాలెండర్‌లో రాసేది పొద్దుపొడుపు వేళ ఉన్న తిథిని, మీరు చూసేది సాయంత్రం. తిథి ఒక్కోసారి 20 గంటలకే అయిపోతుంది, ఒక్కోసారి 26 గంటలు దాటుతుంది, చంద్రుడు దగ్గరికి వచ్చినప్పుడు వేగంగా, దూరం పోయినప్పుడు నిదానంగా నడుస్తాడు కనుక. పూర్వ పద్ధతి పంచాంగాలు ‘బాణవృద్ధి రసక్షయం’ అని 65 ఘడియలకు మించనివ్వవు, 54కు తగ్గనివ్వవు. దృక్ పంచాంగాలు ఉన్నదున్నట్టు రాస్తాయి. ఇంట్లో రెండు పంచాంగాలు పెట్టుకుంటే గొడవే మిగులుతుంది. ఒకటి ఎంచుకుని దాన్నే ఆకాశంతో సరిచూడండి.

బహుళ పక్షంలో చంద్రోదయం ముఖ్యం. పున్నం నాడు పొద్దు గూకే వేళకు పొడిచే చంద్రుడు ఆ తర్వాత రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున వెనకబడతాడు. సంకటహర చవితికి చంద్రోదయ వేళ చవితి ఉండాలన్నది నియమం. చలికాలంలో అది సాధారణంగా రాత్రి 8.30, 9.30 మధ్య. పంచాంగంలోని చంద్రోదయం చదునైన నేలకు రాసింది. తూర్పున గుట్టో అపార్ట్‌మెంటో ఉంటే డిగ్రీకి నాలుగు నిమిషాల పైన ఆలస్యం. ఉపవాసం ఉన్నవాళ్లు కనపడలేదని 11 దాకా కూర్చోనక్కర్లేదు. ఆ దిక్కుకు తిరిగి అర్ఘ్యం విడిచి భోజనం చేయొచ్చు.

అయనం పక్కనే పున్నం

2026లో మంచి పొంతన కుదిరింది. సూర్యుడు మళ్లేది 22 తెల్లవారుజామున, మార్గశిర పున్నం 24 ఉదయం 6.58కి నిండుతుంది. కాబట్టి చూడాల్సిన రాత్రి 23. చంద్రుడు భూమికి బాగా దగ్గరగా వచ్చే పున్నం కూడా అదే. 21 నుంచి రోజూ పొద్దు గూకాక చంద్రుడు కనిపించగానే చూస్తే వరసగా కృత్తిక, రోహిణి, మృగశిర, ఆర్ద్ర, పునర్వసు, పుష్యమి. పిల్లలకోడి గుంపు (కృత్తిక), ఎర్రని రోహిణి గుర్తుపడితే మిగతావి అవే తెలుస్తాయి. 23 రాత్రి చంద్రుడు మృగశిరలో ఉన్నా ఆ మూడు చిన్న చుక్కల పక్కన వెతకొద్దు, ఒకటిన్నర పిడికిళ్లకు పైగా ఉత్తరాన ఉంటాడు. నక్షత్రం అంటే ఆకాశంలో 13 డిగ్రీల 20 నిమిషాల వాటా, చుక్కను తాకాలని లేదు. పున్నానికి మృగశిర తగిలిన నెల మార్గశిరం, పుష్యమి తగిలింది పుష్యం, మఖ తగిలింది మాఘం.

ఇప్పుడు అదే శంకువును రాత్రి వాడండి. వీధి దీపం పడని చోటు కావాలి. ఎల్ఈడీ దీపాలున్న గల్లీలో కుదరదు, ఊరి బయట చెలక గట్టు మేలు. రాత్రి 12కు అటూఇటూగా చంద్రుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరంగా ఉంటాడు, కర్ర నీడ దక్షిణానికి పడుతుంది! పొడవు 16 సెంటీమీటర్ల చుట్టుపక్కల. పగలు ఉత్తరానికి 88, రాత్రి దక్షిణానికి 16. సూర్యుడు కిందికి దిగిన కాలంలో పున్నం చంద్రుడు సరిగ్గా ఎదురుగా ఉంటాడు కాబట్టి వేసవి సూర్యుడి దారిలో ఎత్తుగా నడుస్తాడు. చలికాలపు వెన్నెల అంత తెల్లగా, నీడలు అంత పొట్టిగా ఉండటానికి కారణం ఇదే. చంద్రుడి దారి సూర్యుడి దారికి 5 డిగ్రీలు వాలి ఉండి, ఆ వాలు 18.6 ఏళ్లకోసారి తిరుగుతుంది. 2034 ప్రాంతపు చలికాలంలో పున్నం చంద్రుడు 18 డిగ్రీల దగ్గరే దాటుతాడు. అంటే వరంగల్‌కు సరిగ్గా నడినెత్తి, కర్రకు నీడే ఉండదు.

దర్శనం, అర్ఘ్యం పెద్ద పని కాదు. ఆరుబయట తూర్పుకు తిరిగి, పాలు కలిపిన నీళ్లు, తెల్ల పూలు, అక్షతలు, ‘సోమాయ నమః’ అని మూడు దోసిళ్లు. ఉపనిషత్తు చంద్రుడికి పదహారు కళలు చెప్పి, పదిహేను పెరిగి తరుగుతాయి, పదహారోది తరగదు అంది. అమాస రాత్రి ఏమీ కనిపించని చోటు వైపు కాసేపు కూర్చోవడం కూడా చంద్రదర్శనంలో భాగమే.

మన నేల మీద గుర్తులు

హనుమకొండ వేయిస్తంభాల గుడి త్రికూటం, మూడు గర్భగుళ్లలో ఒకటి సూర్యుడిది. అక్కడి కాకతీయ రుద్రదేవుడి శాసనం తేదీ శక 1084 చిత్రభాను మాఘ శుద్ధ త్రయోదశి. అది 1163 జనవరి 19, శనివారం. వెనక్కి లెక్కగడితే ఆ రోజు చంద్రుడి వయసు పన్నెండున్నర రోజుల దగ్గర వస్తుంది, త్రయోదశే. చెక్కినవాళ్లు ఆకాశం చూసే చెక్కారు.

ఆదిలాబాద్ గోండు గూడేల్లో పుష్యం వంక కనిపించాకే మెస్రం వంశస్థులు నాగోబా జాతర పనులకు కదులుతారు. గోదావరి జలంతో పుష్య అమాస నాటికి కేస్లాపూర్ చేరాలి. మేడారంలో మాఘ పున్నం ముంగిట బుధవారం సారలమ్మ, గురువారం సమ్మక్క గద్దెలకు వస్తారు. ఐనవోలు, కొమురవెల్లి మల్లన్న జాతరలు మాత్రం సంక్రాంతికి, అంటే సూర్యుడి లెక్కకు. ఒకే చలికాలంలో రెండు గడియారాలూ నడుస్తాయి.

జనవరి 14 కొలత అయ్యాక కర్ర పీకేయొద్దు, పలక తడవకుండా కప్పి ఉంచండి. మార్చి 21 ప్రాంతంలో నీడ 32 సెంటీమీటర్లకు దిగుతుంది. మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం 12.08 ప్రాంతంలో వెలుగు బిళ్ల మీరు దిగ్గొట్టిన మేకు మీదే పడుతుంది. అలా పడలేదంటే కర్ర ఒరిగింది, గుండు దారం తీయండి.